ద్వీపాంతర లేఖ్యములందలి తెలుఁగు పేళ్లు: పాఠవిమర్శ

తాళపత్రప్రతిని బరిష్కరించు పండితుఁడు మొట్టమొదట మూఁడు ప్రశ్నలు వేసికొనును. ఈ ప్రతిని వ్రాసినవాఁ డెవఁడు? వాఁడు వినివ్రాసెనా, చూచివ్రాసెనా? వాని మాతృభాష యేది? ఈ మూఁటికిని సమాధానము దొరకిన పిదపఁ గాని యేది కవి మాటయో, యేది లేఖకదోషమో నిర్ణయించుటకు వీలుపడదు. కావ్యముల విషయమున నందఱు నంగీకరించిన యీ పద్ధతి, పండితుల దృష్టి యంతగాఁ బడని మఱియొక లేఖ్యరాశికిఁ గూడ వర్తింపఁదగియున్నది. పందొమ్మిదవ శతాబ్దమునను, ఇరువదవ శతాబ్దారంభమునను దెలుఁగుదేశమునుండి యోడలెక్కి ద్వీపాంతరములకుఁ గూలిపనికై పోయినవారి నామపట్టికలును, ఆయా దేశములందు వారికిని వారి సంతతికిని గలిగిన జనన వివాహములఁ దెలుపు దొరతనపు పుస్తకములును ఆ రాశిలోనివి.

ఈ లేఖ్యములను నేఁడు వెదకువారు ప్రధానముగా నట్లు పోయినవారి మునిమనుమలు. డర్బనునందో, పోర్టులూయిసునందో, సువాయందో పుట్టి పెరిగి, తమ మూలపురుషుని యూరేదియో, అచ్చటఁ దమ జ్ఞాతులు మిగిలియున్నారో లేదో తెలిసికొనఁగోరి వారు పట్టికలను దిరుగవేయుచున్నారు. ఇటువైపున, పూర్వ మెప్పుడో యోడయెక్కి మఱల రాని ముత్తాత తమ్ముని గూర్చి పెద్దలవలన వినిన కుటుంబములును గలవు. ఈ రెండు తీరముల నడుమ మిగిలిన వంతెన పేరొక్కటే. ఆ పేరును జదువుటలో రెండు తప్పులు జరుగుచున్నవి. కొందఱు పట్టికలోని రూపము నక్షరాక్షరమును నమ్మి, దానితో సరిపడనిదాని నెల్లఁ ద్రోసివేయుదురు. మఱికొందఱు, చదువుకొన్నవారే, ఆ రూపమంతయు నజ్ఞానపు వ్రాఁత యని తలఁచి దానిని సంస్కృతీకరించి దిద్దుదురు. మొదటి తప్పువలన దారి మూసికొనిపోవును. రెండవదానివలన దారియే చెఱిగిపోవును. పట్టికలలోని తప్పు లనఁబడు వానిలోఁ బెక్కులు తప్పులు కావనియు, అవి యాడినవారి నోటిమాటకు సాక్ష్యములనియు, వానిని దిద్దుటకు ముందు చదువ నేర్వవలయుననియు నిరూపించుట యీ విమర్శమునకు లక్ష్యము.

లేఖ్యముల స్వరూపము

మారిషసు ద్వీపమునకు గడువుకూలీల రాక 1834 నవంబరు 2వ తేదిని 'అట్లాసు' అను నోడలో దిగిన 36 మందితో నారంభమైనది. తరువాతి కాలమున దాదాపు అయిదు లక్షలమంది భారతీయు లా దీవి కేఁగిరి. పోర్టులూయిసు రేవునందలి వలసడిపో 'ఆప్రవాసీ ఘాట్' అను పేర 2006లోఁ బ్రపంచ వారసత్వస్థలముల పట్టిక కెక్కినది. నేటాలునకుఁ దొలియోడ 'ట్రూరో' చెన్నపట్టణమునుండియే బయలుదేఱి 1860 నవంబరు 16వ తేదిని డర్బను చేరెను. 1911 వఱకు నచ్చటికిఁ బోయినవారు లక్షా యేఁబదిరెండు వేలకుఁ బైగా నుందురు. వారిలో సుమారు మూఁడింట రెండువంతులు చెన్నపురి రేవునుండి వెడలినవారు. ఫిజీకి 1879లో 'లియోనిడాసు' అను నోడ కలకత్తానుండి పోయినది. చెన్నపురినుండి యోడలు 1903లో మొదలై 1916 వఱకు సాగినవి. ఆ దీవులకుఁ జేరినవా రందఱును గలిసి యఱువది వేలకుఁ బైగా లెక్కకు వచ్చిరి.

ఈ ప్రయాణికుల పట్టికలందుఁ బ్రతివ్యక్తికిని నొక పంక్తి కలదు. వరుససంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయో పురుషుఁడో, కులము, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామము, దేహమందలి పుట్టుమచ్చలు, గాయపు గుఱుతులు అను గళ్లు సామాన్యముగా నుండును. ఫిజీ పాసులలో సమీపబంధువు పేరునకును, పెండ్లియైనచో నెవరితో నను దానికిని వేఱు గళ్లున్నవి. మారిషసు పట్టికలు మోకా యందలి మహాత్మాగాంధీ సంస్థలోను, ఫిజీ పాసులు సువా యందలి జాతీయ లేఖ్యాగారమునను భద్రపఱుపఁబడినవి. నేటాలు పట్టికలనుబట్టి సురేంద్ర భానాయు, ఫిజీ పాసులనుబట్టి బ్రిజ్ వి. లాలును జరిపిన పరిశోధనములు ప్రసిద్ధములు. అయితే యీ పరిశోధకుల దృష్టి ప్రధానముగా సంఖ్యల మీఁదను, కులప్రాంతముల పాళ్ల మీఁదను నిలిచినది. పేరును బేరుగా విమర్శించుట భాషాశాస్త్రము తెలిసినవారి పని. అది మిగిలియున్నది.

బర్మాకు మేస్త్రీల వెంటను, మలయాకుఁ గంగాణీల వెంటను బోయినవారికి ఈ విధమైన గడువుపాసులు లేవు. వారి విషయమున నచ్చటి జనన వివాహ లేఖ్యములే మొదటి యాధారములు. కావున నిచ్చటి విచారము ముఖ్యముగా నేటాలు, మారిషసు, ఫిజీలకుఁ జెందినది.

స్వదేశ లేఖ్యముల మౌనము

ఈ పట్టికల విలువ తెలియుటకు, ఆ కాలమున స్వదేశమున వ్రాయఁబడినదేమో చూడవలయును. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులలో గ్రామపుట్టుక, దేవాలయముల మాన్యములు, కరణముల మిరాసీలు, దండెత్తివచ్చిన దొరల పేళ్లు కలవు. ఇనాముల దస్తరములలో భూమి గలవాని వంశవృక్షము కలదు. పొలము లేని పాలేరు పేరు వీనిలో నెచ్చటను రాదు. చెన్నపురి రాజధానియందు జనన మరణముల నమోదునకై 1899లో నొక చట్టము పుట్టినది. కాని శిశువు పుట్టినపుడు పేరు పెట్టకమునుపే గ్రామాధికారి వ్రాసికొనుటచేత నట్టి పుస్తకములలోఁ దఱచుగా 'మగశిశువు', 'ఆఁడుశిశువు' అని మాత్రమే యుండును.

ఇఁక స్త్రీల మాట చెప్ప నక్కఱలేదు. స్వదేశపు వంశావళులలో స్త్రీ 'ఫలానివాని భార్య' గానే కనఁబడును. ఓడ పట్టికలో నామెకు సొంత సంఖ్య కలదు; పుట్టినింటి తండ్రి పేరు కలదు; పుట్టిన యూరు కలదు. ఫిజీకి నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీ లుండవలయునను నియమ ముండెను గాన నట్టి పంక్తులు వేలకొలఁది మిగిలినవి. ఊరిలోఁ బుట్టి పెరిగినపు డొక్క యక్షరమునను వ్రాయఁబడని మనుష్యుఁడు, ఊరు విడిచిన దినమునఁ దండ్రి పేరుతోడను, ఊరిపేరుతోడను, నుదుటి గాయముతోడను వ్రాయఁబడెను. పెక్కు కుటుంబములకు నిదియే మొదటి లిఖితచరిత్రము. దీనిని గ్రామ్యమని యుపేక్షించుట తగదు.

మువ్వురు లేఖకులు

పట్టికలోని పేరు మువ్వురి నడుమ నలిగి వచ్చినది. మొదటివాఁడు చెప్పినవాఁడు. వాఁడు విశాఖపట్టణపు జిల్లా కూలియో, చిత్తూరు ప్రాంతపు రైతుబిడ్డయో. తన పేరు నెన్నఁడును వ్రాసి యెఱుఁగఁడు. రెండవవాఁడు చెన్నపట్టణపు డిపోలో వినివ్రాసిన గుమాస్తా. మూఁడవవాఁడు సముద్రమున కావలి కచ్చేరిలోఁ జూచివ్రాసినవాఁడు. వినివ్రాసినవాని తప్పులు చెవి తప్పులు. చూచివ్రాసినవాని తప్పులు కంటి తప్పులు. ఈ రెండింటిని వేఱుపఱుపక యేకముగా 'అపపాఠము' లనుట విమర్శ కానేరదు.

చెవి తప్పులకు నియమమున్నది. ఆంగ్లలిపిలో 'డి' యను నొక్క యక్షరమే ద, ధ, డ, ఢలకు నాలుగింటికిని నిలువవలసివచ్చెను. 'టి' త, థ, ట, ఠలకు నిలిచినది. న, ణలకును, ల, ళలకును, ర, ఱలకును భేదము పోయినది. హ్రస్వదీర్ఘముల భేదము దాదాపుగా లోపించినది. వినినవాఁడు తమిళుఁడైనచో మఱియొక చిక్కు కలదు. తమిళలిపిలో క, గలకు నొక్కటే గుఱుతు. త, దలకును నంతే. అట్టి లిపికి నలవాటుపడినవాఁడు 'గాఁడు' అను ప్రత్యయమును 'కాడు' అని వ్రాయుటలో వింత లేదు. కావున 'పైడిగాఁడు', 'పైడికాడు' అను రూపము లొకే పేరునకుఁ జెందఁగలవు.

కంటి తప్పులకు నియమము తక్కువ. ఆంగ్లపు గొలుసుకట్టు వ్రాఁతలో 'యన్' అక్షరము 'యు' వలెను, 'ఎల్' అక్షరము 'టి' వలెను గనఁబడుట సహజము. పెద్దక్షరములలో 'ఎస్', 'ఎల్' లు కలిసిపోవును. ఒక పేరు తెలుఁగున నే విధముగను బలుకరానిదిగా నున్నపుడు కంటి తప్పును వెదకవలయును. పలుకవచ్చునదిగా నుండి వింతగా నున్నపుడు చెవి తప్పునో, లేక నిజమైన గ్రామ్యరూపమునో వెదకవలయును. ఈ వివేకమే పాఠవిమర్శకు మొదటిమెట్టు.

దోషముగాఁ దోఁచు తద్భవములు

ఇచ్చటనే పండితుఁడు జాగరూకుఁడై యుండవలయును. 'అప్పలసామి' అని పట్టికలో నుండఁగాఁ జదువరి 'అప్పలస్వామి' అని దిద్దును. 'లచ్చి', 'లచ్చమ్మ' అని యుండఁగా 'లక్ష్మి', 'లక్ష్మమ్మ' యని దిద్దును. 'సన్నాసి' యని యుండఁగా 'సన్న్యాసి' యని దిద్ది, ఇంట సంసారమున నున్నవానికి నీ పేరేల యని విస్మయపడును. వీనిలో లేఖకదోష మణుమాత్రమును లేదు. స్వామి శబ్దము సామి యగుటయు, లక్ష్మి లచ్చి యగుటయు, న్యకారము ద్విత్వనకార మగుటయుఁ బ్రాకృతముల నాఁటినుండి వచ్చుచున్న మార్పులే. తత్సమ తద్భవ విభాగము నెఱిఁగిన బాలవ్యాకరణ విద్యార్థికిఁ గూడ నివి తెలిసిన సంగతులు. గుమాస్తా విన్నది విన్నట్లు వ్రాసినాఁడు. దిద్దినవాఁడే పాఠమును జెఱిచినాఁడు.

పదాదివర్ణముల సంగతియు నిట్టిదే. యకారమును, వు, వూ, వొ, వోలును దెలుఁగు మాటలకు మొదట నుండవని చిన్నయసూరి సూత్రించెను. వ్రాఁతలో నట్లే యుండవచ్చును. నోటిలోనో 'ఎఱ్ఱయ్య' యెఱ్ఱయ్య యగును. మఱియు వేంకటశబ్దపు వకారము పెక్కుచోట్ల జాఱిపోయి 'ఎంకన్న', 'యెంకన్న' యను రూపములు వచ్చును. కాఁబట్టి 'వి', 'ఇ', 'వై' అను మూఁడక్షరములతో మొదలగు మూఁడు పేళ్లు పట్టికలో మూఁడు తావుల నుండి, నిజమున కొకే పేరు కాఁగలదు. తెలుఁగు తెలియని సూచికాకారుఁడు వీనిని దూరదూరముగా నుంచును. ఫిజీ భారతీయులు 'అగ్రిమెంటు' అను నాంగ్లపదమును మొదటి యచ్చు విడిచి 'గిర్మిట్' అనిరి. ఆ గిర్మిటునకుఁ గట్టుపడినవారి పేళ్లును బదాదియం దట్లే మాఱుట స్వభావము.

'గాఁడు' అను ప్రత్యయము నీ సందర్భమునఁ బ్రత్యేకముగా విచారింపవలయును. ఇచ్చట నది యజమానుఁడు పాలేరును బిలుచు పిలుపు, నిందాగర్భితము. పట్టికలో నది యుండఁగాఁ జూచి సానుభూతితో 'అయ్య' యని మార్చువారు కలరు. మారిషసున 'డు', 'గాఁడు' ప్రత్యయాంతములైన పేళ్లు కొన్ని కుటుంబనామములై నేఁటికిని నిలిచినవి. తాత కవమానముగా నంటిన ప్రత్యయమును మనుమలు గౌరవముగా ధరించుచున్నారు. ఆ ప్రత్యయమును దిద్దినచో వారి యింటిగుఱుతే పోవును. పూర్వపు దైన్యమును బరిష్కర్త తుడిచివేయుట న్యాయము కాదు.

నామమునుబట్టి దేశనిర్ణయము

సంస్కృతీకరణమువలనఁ గలుగు మఱియొక నష్టము దేశచిహ్నముల లోపము. తెలుఁగువారి పేళ్లలో స్థలదేవతల ముద్ర మెండు. 'అప్పల' శబ్దాదులును, 'అప్పన్న', 'సిమ్మాద్రి' మొదలగునవియు సింహాచలపు దేవునివి. అవి తఱచుగా విశాఖపట్టణ శ్రీకాకుళ ప్రాంతములఁ దెలుపును. 'పైడి' శబ్దాదులు విజయనగరపు పైడితల్లిని, 'నూక' శబ్దాదు లనకాపల్లి నూకాలమ్మను స్మరింపఁజేయును. 'ఓబన్న', 'ఓబులేసు' లహోబిల నారసింహునివి; కడప, కర్నూలు సీమలఁ జూపును. 'కోటయ్య' కోటప్పకొండ పరిసరములకు, 'మునెమ్మ', 'మునిసామి' చిత్తూరు, ఉత్తరార్కాటు ప్రాంతములకు నెక్కువగాఁ జెందును. 'వెంకన్న' కిట్టి నిర్ణాయకశక్తి లేదు. తిరుపతి దేవుఁ డందఱివాఁడు. 'సిమ్మాద్రి' ని 'సింహాద్రి' గా దిద్దిన నంతగాఁ జెడదు గాని, 'ఓబులేసు' ను 'అహోబలేశ్వరుఁ' డని దిద్ది సూచికలో 'అ' కారమునఁ జేర్చినచో వానిని వెదకు మునిమనుమనికి వాఁడు మఱల దొరకఁడు.

ఈ సాక్ష్యము లింగమాత్రమే, ప్రమాణము కాదు. పేరు జిల్లాను సూచించును; జిల్లాగడి దానిని బలపఱుపవలయును. ఆ గడిని జదువుటలోఁ గూడ మెలఁకువ కావలయును. చికాకోలు శ్రీకాకుళము, కోకనాడ కాకినాడ, బిమ్లిపటము భీమునిపట్టణము. 'ఉత్తరార్కాటు' అని యున్నంతనే తమిళుఁ డనరాదు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు 1911లోఁ జిత్తూరు జిల్లా యేర్పడువఱకు నుత్తరార్కాటులోనివే. 'గంజాము' అని యున్నంతనే యోఢ్రుఁ డనరాదు. శ్రీకాకుళము 1936 వఱకు గంజాములో నుండి, 1950లో వేఱుజిల్లా యైనది. 2022లో నాంధ్రప్రదేశపు జిల్లాలు 26 గా విభజింపఁబడుటతో నీ చిక్కు హెచ్చినది. పాతజిల్లా పేరుతో నేఁటి పటమును వెదకువాఁ డొకచోటఁ ద్రవ్వవలసినదానికి మఱియొకచోటఁ ద్రవ్వును.

ధ్వనిసంకేత పద్ధతి

నేఁడు పట్టికలు పెక్కులు కంప్యూటరులలోని కెక్కినవి. అక్షరక్రమము తేడాపడినను బేరును బట్టుకొనుటకై యచ్చట వాడుక యగు సాధనములలో 1918లో నమెరికాలోఁ బేటెంటు పొందిన 'సౌండెక్సు' ఒకటి. దాని పద్ధతి యిది: పేరులోని మొదటి యక్షరము నట్లే యుంచి, తరువాతి హల్లులలో మూఁడింటికి మాత్రము వర్గమునుబట్టి యంకెలిచ్చి, అచ్చులను విడిచివేయుట. త, ద లొకే వర్గము, ప, బ లొకే వర్గము గాన నిది మొదటఁ దెలుఁగు పేళ్లకు మేలనిపించును.

పరీక్షించిన దోషము బయటపడును. 'వెంకటసామి', 'వెంకటరమణ', 'వెంకటప్ప', 'వెంకటలక్ష్మి' అను నాలుగింటికిని నీ పద్ధతిలో వచ్చునది వి-523 అను నొకే సంకేతము. సమాసపు తుదిపదముననే భేదము గల తెలుఁగు పేళ్లను, ఆ తుదిపదము చేరకమునుపే యంకెలు ముగియు కొలఁబద్దతోఁ గొలిచిన ఫలమిది; స్త్రీపురుష భేదము సయితము మాసిపోయినది. మఱియొకవైపున 'వెంకటసామి'కి వి-523, 'యెంకటసామి'కి వై-523, 'ఎంకటసామి'కి ఇ-523 వచ్చును. ఒకే మనుష్యుఁడు మువ్వురైనాఁడు. నలువురిని నొక్కనిఁ జేసి, ఒక్కనిని మువ్వురిఁ జేయు సాధనము తెలుఁగు పేళ్లకుఁ దగినది కాదు. పదాదిని శిథిలముగాను, పదాంతమును దృఢముగాను జూచు సంకేతము మనకుఁ గావలయును. దానిని యంత్రజ్ఞులు చేయఁగలరు. నియమములను మాత్రము వ్యాకరణజ్ఞులే చెప్పవలయును.

ఇంటిపేరు పోయిన తీరు

పట్టికలో 'పేరు', 'తండ్రి పేరు' అను గళ్లున్నవి; ఇంటిపేరునకు గడి లేదు. తెలుఁగువాని ఇంటిపేరు మొదట నుండును. ఆంగ్లేయుల కుటుంబనామము తుద నుండును. ద్వీపాంతరమునఁ బిల్లలు పుట్టి, బడిలోఁ జేరి, కుటుంబనామ మేమని యడుగఁబడినపుడు, తుదనున్న మాటయే యా స్థానము నాక్రమించినది. అది యొకచోటఁ దండ్రి పేరు, ఒకచోటఁ బేరు చివరి ముక్క, మఱియొకచోటఁ గులబిరుదము. నేటాలున 'నాయుడు' అనునది 'నైడూ' అను వ్రాఁతతో వేల కుటుంబములకుఁ గుటుంబనామమైనది. వేలమందికి సమానమైన పేరు వంశమును నిర్ణయింపఁజాలదు. అది సామాన్యవాచకమై సంజ్ఞావాచకమువలెఁ జెలామణి యగుచున్నది.

ఈ నష్టము పుస్తకములకు మాత్రమే సంబంధించినది కాదు. ఒకే యింటిపేరు గలవారు జ్ఞాతులు. వారి నడుమ వివాహము నిషిద్ధము. కావున నింటిపేరు పోయినచో వావి తెలియు సాధనము పోవును. లేఖ్యమునఁ జోటు దొరకని యింటిపేరు పెండ్లిమాటలలోను, శుభాశుభ కార్యములలోను నోటిమాటగా సాగవలసివచ్చెను. అట్లు సాగిన యింటిపేరు, ఎంత చెదరిన రూపముననున్నను, పట్టికలోని యూరిపేరుతోఁ గలిసినపుడు స్వదేశమున నొక్క వీధివఱకుఁ గొనిపోఁగలదు. అందుచేత ద్వీపాంతరమునుండి వచ్చి యడుగువాని నోటి ఇంటిపేరును వికృతమని నవ్వి త్రోయక, పైఁ జెప్పిన వర్ణనియమములతో నూరి యిండ్లపేళ్ల జాబితాకు సరిచూడవలయును.

పేరు మాఱినను మాఱనిది సంఖ్య. ఓడ దిగినపు డిచ్చిన సంఖ్య యా మనుష్యునితోఁ గడవఱకు నడిచినది; నేటాలునఁ దరువాతి లేఖ్యములకుఁ బాతపట్టికతో సంబంధము కలుపునది యీ సంఖ్యయే. మారిషసున 1867 చట్టముచేత గడువు తీరినవారు ఛాయాచిత్రముతోఁ గూడిన టిక్కెట్టును వెంట నుంచుకొనవలసివచ్చెను. మనిషిని లెక్కకు దింపుటకుఁ బుట్టిన సంఖ్యయు, కాఁపుదలకుఁ దీసిన చిత్రమును నేఁడు మనుమనికిఁ దాతముఖమును జూపు సాధనములైనవి.

జనన లేఖ్యములు

ఓడ పట్టికను జదువుటకు జనన లేఖ్యము వ్యాఖ్యానము వంటిది. తాత పేరు మనుమనికిఁ బెట్టుట మన యాచారము. ఓడయెక్కినవాని తండ్రి పేరు పట్టికలో సందిగ్ధముగా నున్నచో, ద్వీపాంతరమునఁ బుట్టిన పెద్దకొడుకు పేరును జూడవలయును. రెండును సరిపడినచో నొకదానిచేత నొకటి బలపడును. ఒక పంక్తిని గల్పించి చూపినచో నిది స్పష్టమగును. ఓడ పట్టికలో 'అప్పలసామి, తండ్రి పెదికాడు, విశాఖపట్టణము' అని యున్నదనుకొనుఁడు. 'పెదికాడు' అనునది పెద్దిగాఁడో, పైడిగాఁడో, పేదగాఁడో చెప్ప వీలులేదు. ఆఱేండ్లకు నదే సంఖ్యగల తండ్రికిఁ బుట్టిన పెద్దకొడుకు పేరు 'పైడయ్య' యని జనన లేఖ్యము చెప్పినచోఁ దాత పైడిగాఁ డగుట సంభావ్యతరము. తరువాతఁ బుట్టిన కూఁతురు 'నూకమ్మ' యైనచో నా కుటుంబపు స్థానము విజయనగరమునకు ననకాపల్లికిని నడుమఁ దిరుగుచుండును. ఇది కావ్యపరిష్కరణమున రెండు ప్రతులను బోల్చి పాఠమును నిర్ణయించుటవంటిదే.

తాత పేరు పెట్టుట యాచారమే కాని నియమము కాదు. మ్రొక్కుబడి పేళ్లు కలవు. మాతామహుని పేరు కలదు. ఉత్తరదేశపు తల్లికిఁ బుట్టిన బిడ్డకు హిందుస్తానీ పేరు వచ్చుట కలదు. కనుక నొక్క జనన లేఖ్యముచేతఁ దృప్తిపడక, తోఁబుట్టువుల లేఖ్యముల నన్నింటిని గలిపి చదువవలయును.

వివాహ లేఖ్యములు

వివాహ లేఖ్యమున వధూవరుల యిరువురి తండ్రుల పేళ్లును దొరకును గాన నది రెండు వంశముల కూడలి. కాని దీనిని జదువువాఁడు చట్టమును మఱువరాదు. నేటాలున 1891 చట్టము క్రింద భారతీయుల వివాహములు ప్రొటెక్టరు అనఁబడు వలసరక్షకాధికారి కచ్చేరిలో నమోదు కావలసియుండెను. మారిషసున ఫ్రెంచివారి సివిలుకోడు నడచినందున, అధికారి యెదుట జరుగని మతవివాహమునకుఁ బెక్కుకాలము చట్టబలము లేకుండెను. మంగళసూత్రము కట్టిన దినమొకటి. పుస్తకమున వ్రాసిన దినమొకటి. వివాహ లేఖ్యపు తేదికి ముందు పుట్టిన బిడ్డలను జూచి యేమో యనుకొనువాఁడు, చట్టమునే కాని కుటుంబమును జదువలేదన్నమాట. అట్టి బిడ్డ తల్లి పేరు క్రిందఁ గనఁబడినను నాశ్చర్యపడఁ బనిలేదు.

ఈ వ్రాఁతకుఁ గల బల మెంతటిదో 1913 తెలిపినది. ఆ సంవత్సరము మార్చి 14వ తేదిని గేపు ప్రాంతపు న్యాయస్థానమున సెర్లు అను న్యాయాధిపతి, క్రైస్తవవిధిని జరుగక, అధికారిచే నమోదు కాని వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క వాక్యముతో వేలకొలఁది యిల్లాండ్రు చట్టము దృష్టిలో భార్యలు కాకపోయిరి. ఆ యేఁటి సత్యాగ్రహమునఁ గస్తూరిబాయి మొదలగు స్త్రీలు చెఱసాలకుఁ బోవుటకు నిది ముఖ్యకారణము. 1914లో భారతీయుల యుపశమనచట్టము వచ్చి యా వివాహములకు గుర్తింపు కలిగించెను. కావున నా కాలపు వివాహ లేఖ్యమునఁ గల 'భార్య' యను పదము ఊరక వ్రాసిన విశేషణము కాదు. దానికై స్త్రీలు చెఱనున్నారు. దానిని జదువువాని కాగౌరవము మనసున నుండవలయును.

నిగమనము

ఇంతవఱకుఁ జేసిన విచారమునుండి నాలుగు నియమము లేర్పడుచున్నవి. ఒకటి: పట్టికలోని రూపమును దిద్దక యున్నదున్నట్లు నకలుచేసి, ఊహించిన రూపమును బ్రక్కన వేఱుగా వ్రాయవలయును. రెండు: తద్భవముగా సమర్థింపఁదగిన రూపమును దోషముగాఁ బరిగణింపరాదు. మూఁడు: పేరు, సంఖ్య, తండ్రి పేరు, స్థలము, సంతానపు పేళ్లు అను నైదింటిలో మూఁడైనను గలియకుండ బంధుత్వమును స్థాపింపరాదు. దూరమునుండి వచ్చినవాని యాశనుబట్టి తప్పు బంధువును జూపుటకంటెఁ దెలియదనుట మేలు. నాలుగు: జిల్లాల పేళ్లను నాఁటి యెల్లలనుబట్టియే చదువవలయును.

వీనికిఁ దోడుగాఁ జేయవలసిన పని యొకటి కలదు. అది ద్వీపాంతరముననున్నవారికి సాధ్యము కాదు; ఇచ్చటి బడిపంతుళ్లకును బండితులకును మాత్రమే సాధ్యము. ఒక్కొక్క గ్రామమునఁ బూర్వమునుండి యున్న యిండ్లపేళ్లు, గ్రామదేవతల పేళ్లు, వాడుకలోని పిలుపు పేళ్లు, వాని గ్రామ్యరూపములతో సహా పట్టికలుగా వ్రాసి యుంచవలయును. ఛందోబద్ధమైన పద్యమున నొక్క యక్షరము తప్పినఁ బది ప్రతులను దిరుగవేయు పరిశ్రమ మనకున్నది. 'సన్నాసి' యని వ్రాసికొని యోడయెక్కినవాని మునిమనుమఁడు వచ్చి యూరడిగినపుడు, ఆ పరిశ్రమలో నించుక యాతనికి నీయవలసియున్నది. ఈ నియమములలోని లోపములను బండితులు పరిశీలించి పూరింతురు గాక.